మన చేపది ఏ గట్టు?

(గణపవరంలో ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఏజెన్సీ గూడేల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన అమ్మలకు, అన్నలకు, కొల్లేటి లంకల వైపు నుంచి వచ్చిన యానాది, ఎరుకల బంధువులకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు జోహార్లు.

సంఘం వాళ్లు నన్ను మూలాల గురించి మాట్లాడమన్నారు. నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మనుషుల మూలాల సంగతి నాకన్నా మన డోలీలకు బాగా తెలుసు. అందుకని నాకు తెలిసిన చుట్టాల గురించి, అంటే చేపల గురించి మాట్లాడతాను. గణపవరంలో సభ పెట్టుకుని చేప ఊసెత్తకుండా వెళ్లిపోవడం కూడా బాగుండదు కదా.

ఈ చుట్టుపక్కల ఏ సంతలోనైనా చేపల దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. శీలావతి, బొచ్చె, బంగారుతీగ, రూప్‌చంద్, పంగస్ ఉంటాయి. ఓ మూల తొట్టిలో నీళ్లు పోసి ప్రాణంతో ఉంచిన కొర్రమీను ఉంటుంది, దాని ధర వేరు, దాని దర్జా వేరు. అన్నీ ఈ మట్టిలో తవ్విన చెరువుల్లో పెరిగినవే. పుట్టిల్లు ఏదని అడిగితే మాత్రం ఒక్కోటి ఒక్కో దిక్కు చూపిస్తుంది. శీలావతిది గంగా, బ్రహ్మపుత్రా, సింధూ నదుల వైపు. పంగస్‌ది థాయిలాండ్, వియత్నాం వైపు మెకాంగ్ నది. రూప్‌చంద్ మరీ దూరం, దక్షిణ అమెరికాలోని అమెజాన్. అది పిరానాకు దగ్గర చుట్టం, దాని నోరు తెరిచి పళ్లు చూసినవాళ్లకు ఆ మాట నమ్మడం కష్టం కాదు. బొచ్చె కొంత దగ్గరిది. అది కృష్ణ దాకా ఉందని 19వ శతాబ్దంలోనే ఫ్రాన్సిస్ డే తన భారతదేశపు చేపల పుస్తకంలో రాశాడు. ఇక కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక, వాలుగ, బొమ్మిడాయి ఉన్నాయే, ఇవి కొల్లేటి సొంత బిడ్డలు. వీటికి ఎవరూ సీడు వెయ్యలేదు. తొలకరి పడి బోదెలు నిండితే వాటంతట అవే వచ్చేవి. 'వచ్చేవి' అని ఎందుకంటున్నానో ఇక్కడున్న పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫలానా చేప ఫలానా చేపకు చుట్టమని ఎలా తెలుస్తుంది? రెండు వందల ఏళ్ల పాటు శాస్త్రవేత్తలు ఒంటిని చూసి చెప్పారు. పొలుసులు లెక్కపెట్టారు, రెక్కల్లో ముళ్లు లెక్కపెట్టారు, మీసాలు కొలిచారు. అది మంచి పనే, ఇప్పటికీ చేస్తారు. కాకపోతే ఒంటి పోలిక ఒక్కోసారి మోసం చేస్తుంది. ఒకే రకం నీళ్లలో బతికితే చుట్టరికం లేని రెండు చేపలు ఒకేలా తయారవుతాయి. కోట్ల ఏళ్ల కిందట విడిపోయినా రూపం మారకుండా ఉండిపోయినవీ ఉంటాయి.

మనలో ఇద్దరు కోయలు కొత్తగా కలిస్తే ముందు అడిగేది ఊరి పేరు కాదు, గట్టు. మూడో గట్టా, నాలుగోదా, ఐదోదా? ముఖం చూసి ఎవరూ వరస కలపరు. వేల్పు ఏది, గట్టు ఏది అని అడిగి కలుపుతారు. అది ఎక్కడ రాసి ఉంది? పడిగె మీద బొమ్మలుగా ఉంది, డోలీ నోట్లో కథగా ఉంది. పడిగె విప్పి ఒక్కో బొమ్మా చూపిస్తూ ఎవరి నుంచి ఎవరు విడిపోయారో, ఏ ఏరు దాటారో చెబుతాడు. చేపకు కూడా అలాంటి పడిగె ఉంది. దాని ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. దాని పేరే డీఎన్ఏ.

ఆ పడిగె మీద బొమ్మలుండవు. నాలుగే నాలుగు అక్షరాలు, ఎ, టి, జి, సి, వరసగా రాసి ఉంటాయి. తరం నుంచి తరానికి ఆ వరసను నకలు తీసేటప్పుడు అరుదుగా ఓ అక్షరం మారుతుంది. మారిన అక్షరం పిల్లలకు, వాళ్ల పిల్లలకు అలాగే పోతుంది. రెండు గుంపులు విడిపోయి కలుసుకోకపోతే, వీటిలో మార్పులు వీటికి, వాటిలో మార్పులు వాటికి పోగవుతూ ఉంటాయి. కాబట్టి తేడాలు తక్కువుంటే నిన్నమొన్న విడిపోయినవి, ఎక్కువుంటే ఎప్పుడో విడిపోయినవి. వయసు తెలిసిన శిలాజం ఒకటి దొరికితే, ఇన్ని మార్పులకు ఇన్ని ఏళ్లు అని గడియారంలా కూడా వాడుకోవచ్చు. ఆ గడియారం మరీ నిక్కచ్చిగా నడవదనుకోండి.

చేప డీఎన్ఏ అంతా చదవాలంటే ఖర్చు. అందుకని మైటోకాండ్రియా అనే చిన్న భాగాన్ని ఎక్కువగా వాడతారు. అందులో దాదాపు 16,500 అక్షరాలుంటాయి. అందులోంచి కూడా ఒక ముక్క, సుమారు 650 అక్షరాలది, తీసుకుని కొట్లో వస్తువుకు అంటించే బార్‌కోడ్‌లాగా జాతిని గుర్తు పట్టొచ్చని 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. ఇప్పుడు ప్రపంచమంతా అదే ముక్క చదువుతోంది. మన దేశంలో ఈ పనికి పెద్దదిక్కు లక్నోలోని జాతీయ చేపల జన్యువనరుల బ్యూరో, 1983లో పెట్టారు.

ఇక్కడ ఒక తిరకాసుంది. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది. మన గట్టు తండ్రి నుంచి వస్తుంది, ఈ చేప పడిగె మాత్రం తల్లి వరసే చెబుతుంది. బొచ్చె తల్లికీ శీలావతి తండ్రికీ పుట్టిన సంకరం చేపను బార్‌కోడ్ అడిగితే, 'నేను బొచ్చెను' అనే చెబుతుంది. తండ్రి పేరు బయటికి రావాలంటే కణం కేంద్రకంలోని డీఎన్ఏ కూడా చదవాలి. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

దీనివల్ల ఒరిగిందేమిటని అడుగుతారు. మన పక్క నదిలోనే సమాధానముంది. పంగాసియస్ అనే మీసాల చేప ఒకటి గంగలో ఉంది. 1822లో హామిల్టన్ గంగానది చేపల పుస్తకంలో దానికి పేరు పెట్టాడు. కృష్ణలో దొరికేదీ చూడ్డానికి అలాగే ఉంటుంది కనక దాన్నీ అదే పేరుతో పిలుస్తూ వచ్చారు. లక్నో బ్యూరో శాస్త్రవేత్తలు నాగార్జునసాగర్ దగ్గర కృష్ణలో పట్టిన చేపల కొలతలూ, జన్యువులూ రెండూ చూసి, ఇది గంగ చేప కాదు, వేరే జాతి అని తేల్చి 2017లో పంగాసియస్ సిలాసి అని పేరు పెట్టారు. ఈ.జి. సిలాస్ అనే పెద్ద చేపల శాస్త్రవేత్త గౌరవంగా పెట్టిన పేరది. ఆయన కుర్రతనంలోనే, 1952లో, మలయా వైపు చేపలకూ మన దక్షిణాది చేపలకూ ఉన్న చుట్టరికం మీద రాశాడు. ఆ చేపలు సాత్పురా కొండల మీదుగా పడమటి కనుమలకు చేరాయని సుందర్‌లాల్ హోరా చెప్పిన సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టిన రాతలవి. జన్యువులు చదివే వీలు లేని రోజుల్లో వాళ్లు వేసుకున్న ప్రశ్నలకే ఇప్పుడు జన్యువులతో జవాబులు వెతుకుతున్నారు.

2017కి ముందు కృష్ణలో ఆ చేప తగ్గిపోతే 'పోనీలే, గంగలో ఉందిగా' అనుకునే వీలుండేది. ఇప్పుడు లేదు. కృష్ణలో పోతే అది ఇంకెక్కడో బతికే ఉందనడానికి ఆధారం లేదు. చెరువుల్లో టన్నులకొద్దీ పెంచుతున్న పంగస్ దాని దూరపు చుట్టం, అంతే. పిన్నికొడుకు బాగున్నాడు కదా అని అన్న పోయినా ఫరవాలేదంటామా?

మన మార్పు కథా అలాంటిదే. కాలేజీ పుస్తకాల్లో దాని పేరు క్లారియస్ బట్రాకస్. ఆ పేరు అసలు జావా చేపకు చెందిందని 2008లో తేల్చాక, మనదానికి హామిల్టన్ పెట్టిన పాత పేరు మాగుర్ తిరిగి వచ్చింది. జావా వైపు దాని పేరుతో మనది ఇన్నాళ్లు బతికింది. ఈలోగా ఆఫ్రికా క్యాట్‌ఫిష్ వచ్చి చేరింది. దాన్ని పెంచకూడదని నిషేధమున్నా దొంగచాటుగా పెంచుతూనే ఉన్నారు. వరదకు గట్టు తెగి అది కాలువలో పడితే దొరికిన చిన్నచేపనల్లా మింగుతుంది. ముక్కలు కోసి అమ్మాక అది ఏ క్యాట్‌ఫిషో కంటితో చెప్పలేరు. బార్‌కోడ్ చెబుతుంది.

ఇప్పుడు మన పేరు మీదున్న ఓ పెద్ద సంగతి చెబుతాను. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు కలిసి ఉండేవని బడిలో చదువుకున్నాం. ఆ మహాఖండం పేరు గోండ్వానా. ఆ పేరు ఎక్కడిది? మధ్య భారతంలో గోండుల నేలది. మెడ్లికాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో అక్కడి రాళ్ల వరసలకు ఆ పేరు పెట్టాడు, తర్వాత సూయెస్ అనే ఆయన మొత్తం ఖండానికి అదే పెట్టాడు. కోయతూర్ అని తమను తాము పిలుచుకునే జనం పేరు అంటార్కిటికా దాకా పాకింది. ఆ సంగతి ఏ గూడెంలోనూ ఎవరూ అడిగి పెట్టలేదు, చెప్పనూ లేదు.

ఆ గోండ్వానా జ్ఞాపకం కొన్ని చేపల్లో ఉంది. ఒంటి మీద అడ్డచారలు, ముత్యాల్లాంటి చుక్కలు ఉండే చేప ఒకటి మన తీరం ఉప్పునీటి కయ్యల్లోనూ దొరుకుతుంది, కేరళవాళ్లు కరిమీన్ అని ప్రాణం పెడతారు. దానికి జన్యువుల ప్రకారం దగ్గరి చుట్టాలు పక్కనున్న బర్మాలో లేవు, ఎక్కడో మడగాస్కర్‌లో ఉన్నాయి. భారతదేశం మడగాస్కర్ నుంచి విడిపోయి దాదాపు 8.8 కోట్ల ఏళ్లయింది. ఈ చేపలు ఆ నేలతోపాటే విడిపోయాయని కొందరంటారు. అంత పాతవి కావు, తర్వాత ఉప్పునీళ్లలో ఈదుకుంటూ వచ్చి ఉంటాయని, శిలాజాలనూ జన్యువులనూ కలిపి లెక్క వేసినవాళ్లు 2013లో వాదించారు. ఆ తగవు ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు, చుట్టరికం తేలింది, విడిపోయిన తేదీ మీదే పేచీ.

కొర్రమీను విషయానికొస్తే, దాని కుటుంబం ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ ఉంది. పాకిస్తాన్‌లో దొరికిన శిలాజాలు దాదాపు 5 కోట్ల ఏళ్లనాటివి. 2017లో ఈ కుటుంబం బార్‌కోడ్‌లన్నీ ఒకచోట చేర్చి చూస్తే, పుస్తకాల్లో ఒకే పేరు కింద ఉన్నవి చాలాచోట్ల వేరువేరు జాతుల్లా కనబడ్డాయి. ఆ తర్వాత వచ్చింది ఇంకా గొప్ప వార్త. 2018 వరదల తర్వాత కేరళ మలప్పురం జిల్లాలో ఓ వరి పొలంలో పాములాంటి వింత చేప కనబడింది. నేలలోపలి నీళ్లలో బతికే చేప అది. 2019లో దానికి పేరు పెట్టారు. 2020లో జన్యువులు చదివి, ఇది కొర్రమీను కుటుంబంలోది కూడా కాదు, దానికి అక్కలాంటి వేరే కుటుంబం అన్నారు. గోండ్వానా నాటి వంశమని వాళ్ల వాదన. బావుల్లో, పొలాల్లో తిరిగేవాళ్ల కంట పడకపోతే ఏ ప్రయోగశాలా దాన్ని కనిపెట్టగలిగేది కాదు.

సరే, చెరువుల వైపు వద్దాం. ఇక్కడ చాలా ఇళ్లలో పొయ్యి వెలిగేది ఆ చెరువుల మీదే, కూలి ఆ చెరువుల మీదే. నేను వాటికి శత్రువును కాదు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి ఇంజెక్షన్ ఇచ్చి చేపతో గుడ్లు పెట్టించాడు. ఈనాటి సీడు వ్యాపారమంతా అక్కడి నుంచి మొదలైంది. కానీ హేచరీలో ఏం జరుగుతుంది? కొన్ని తల్లిచేపలనే ఏటేటా వాడతారు. వాటి పిల్లల్ని మళ్లీ తల్లిచేపలు చేస్తారు. అంటే అన్నాచెల్లెళ్లకు పెళ్లి చేసినట్టు. ఒకే గట్టులో పెళ్లి తప్పని మన పెద్దలు ఎందుకన్నారో హేచరీకి వెళ్తే తెలుస్తుంది. తరం తరానికి ఎదుగుదల తగ్గుతుంది, జబ్బులకు తట్టుకోలేవు. బొచ్చెను, శీలావతిని ఒకే తొట్టిలో వేస్తే సంకరం కూడా అవుతాయి. బొచ్చెకు విడిగా కట్లా అని ప్రజాతి ఉండేది. జన్యువులు చదివితే అది శీలావతి ప్రజాతి లేబియోలోనే పడిందని, ఇప్పుడు చాలామంది లేబియో కట్లా అంటున్నారు. అంత దగ్గరివి కాబట్టే అంత సులువుగా కలుస్తున్నాయి. ఆ సంకరం ఏటిలో పడితే ఇందాక చెప్పినట్టు బార్‌కోడ్‌కు కూడా దొరకదు.

భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ, నార్వే వాళ్లతో కలిసి మంచి శీలావతిని తయారుచేయాలనుకున్నప్పుడు ఏం చేసిందో తెలుసా? గంగా, యమునా, గోమతి, బ్రహ్మపుత్రా, సట్లెజ్ నదుల నుంచి చేపలు తెప్పించి తమ క్షేత్రంలోవాటితో కలిపింది. వేరువేరు గట్లవాళ్లను వెతికి సంబంధాలు కలిపింది. అదే జయంతి రోహు. చెరువు చేప బాగుపడాలన్నా ఏటి చేప ఉండాలన్నమాట. ఏటి చేప పోయాక హేచరీవాడు సంబంధం కోసం ఎక్కడికి వెళ్తాడు?

ఏరు అంటే మన కొండలే. ఖమ్మం వైపు కొండల్లో పుట్టిన తమ్మిలేరు చింతలపూడి మీదుగా ఏలూరు వచ్చి కొల్లేట్లో కలుస్తుంది. బుట్టాయగూడెం వైపు వాగుల నీళ్లు ఎర్రకాలువలో పడి నందమూరు దాటి యనమదుర్రు మురుగుకాలువగా సముద్రం దారి పడతాయి. ఏజెన్సీ వాగులో ఎదురీదే పరికకూ, ఇక్కడి పంటబోదెలో పరికకూ చుట్టరికం ఎంత? ఆనకట్టలు కట్టాక ఆ రెండూ మళ్లీ కలుస్తున్నాయా? ఇలాంటి ప్రశ్నకు జవాబు ఒక్క చేపతో రాదు. ఒక్కో వాగు నుంచి పదీ ఇరవై చేపలు కావాలి, ఏ వాగు, ఏ మలుపు, ఏ రోజు అన్న వివరం కావాలి. పోలవరం దగ్గర స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి మెట్లలాంటి దారి కట్టారు, పులసను మనసులో పెట్టుకుని. పులస ఎక్కుతుందో లేదో చూస్తాం. కానీ పాపికొండల్లో కొండరెడ్డి తాత పేరుపెట్టి పిలిచే, బజారులో ధర పలకని చిన్న చేపల లెక్క ఎవరు చూస్తారు? ఆ తాత ఊరే పునరావాస కాలనీకి వెళ్లిపోయాక, ఆ పేర్లు చెప్పేదెవరు?

కొల్లేరు సంగతి మీకు నేను చెప్పాలా? 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో చెరువు గట్లు పేల్చారు, ఆ తర్వాత జరిగింది కళ్లముందే ఉంది. పక్షులను లెక్కపెట్టడానికి దూరం నుంచి మనుషులొస్తారు. ఆ పక్షులు తినే మట్టగిడసను లెక్కపెట్టేవాళ్లు తక్కువ.

పేర్ల గురించి ఒక్క మాట. 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో బొమ్మల పక్కన స్థానికుల పేర్లు రాసుకున్నాడు. ప్రపంచమంతా వాలుగను వల్లాగో అంటోందంటే ఆ మాట మన తీరం జాలరి నోటిదే. జాలరి పేరు మాత్రం ఎవరూ రాయలేదు. చేపను గోండిలో మీన్ అంటారు, కువిలో మీను, తెలుగులో మీను. భాషల చుట్టరికం కూడా ఇలా మాటలు పక్కపక్కన పెట్టి తేల్చిందే. కాబట్టి మన భాషల్లో చేపల పేర్లు రాసుకోవడం చిన్న పని కాదు. ఒకే చేప అని పుస్తకం అన్నదానికి గూడెంలో రెండు పేర్లుంటే, అక్కడే జన్యువులు చదవాలని శాస్త్రవేత్తకు గుర్తు.

అలాగని ఎవరు అడిగితే వాళ్లకు చేపను సీసాలో పెట్టి ఇచ్చేయమనడం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో నీటివనరుల్లోని చేపల మీద సామూహిక హక్కు ఉంది, జీవవైవిధ్యానికి సంబంధించిన మన జ్ఞానం మీద హక్కూ ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద పంచాయతీల్లో కమిటీలుండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. మీ పంచాయతీలో ఉందా? ఉంటే అందులో చేపల పేజీ తెరిపించండి, ఏముందో చదివించండి. నమూనా అడిగినవాళ్లను మూడు సంగతులు అడగండి. ఎవరి అనుమతితో వచ్చారు? ఫలితం మా గ్రామసభకు తెలుగులో చెబుతారా? పేర్లు చెప్పినవాళ్ల పేరు రాస్తారా? అడిగితే కోపం తెచ్చుకునే శాస్త్రవేత్త మంచి శాస్త్రవేత్త కాడు. అభయారణ్యం లోపల అయితే అటవీశాఖ అనుమతి లేకుండా మనమూ చెయ్యి పెట్టకూడదు.

ఇక మాటలు చాలు. భోజనాలకు ఇంకా టైముంది. వెనక బల్ల మీద తొట్టిలో రెండు మట్టగిడసలున్నాయి, పక్క పొలం బోదెలోవి. చిన్న కత్తెర, మూతసీసాలు, స్పిరిట్ పెట్టాను. ఫార్మలిన్ వాడకండి, అక్షరాలు చెడిపోతాయి. ఇప్పసారా సరిపోదా అని నిన్న ఒక బాబాయి అడిగాడు. సరిపోదు, అందులో నీళ్లెక్కువ. తోక రెక్క చివర వడ్లగింజంత ముక్క కత్తిరిస్తే చాలు, చేప చావదు, రెక్క మళ్లీ పెరుగుతుంది. సీసా మీద ఏ వాగు, ఏ రోజు, చేపకు మీ ఇంట్లో ఏమంటారు, ఆ పేరు చెప్పిందెవరు, ఇవన్నీ పెన్సిల్‌తో రాయాలి, పెన్ను సిరా స్పిరిట్‌కు కరిగిపోతుంది. పిల్లలు ముందుకు రండి, చేసి చూపిస్తాను. తర్వాత ఆ రెంటినీ మళ్లీ బోదెలోనే వదిలేద్దాం.

జోహార్.